సత్తక్క నేర్పిన బోణీ బేరం

తలకు తీయించాల్సిన స్కానింగును బేరమాడి రెండు జతల కళ్లద్దాలకు దింపిన మొనగాణ్ణి జమ్మికుంట మొత్తంలో నేనొక్కణ్ణే. ఈ ఉదయం కొత్త తువ్వాలు మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. దాంతో ఆ ఘనకార్యమూ, సత్తక్కా కలిసే గుర్తుకొచ్చారు.

మా గిన్నెల దుకాణం పక్కనే ఆమె తువ్వాళ్ల దుకాణం. మా బాపు నాకు తూకం నేర్పితే, బేరం నేర్పింది సత్తక్క. పొద్దున వచ్చిన మొదటి గిరాకీని ఒట్టి చేతులతో పంపితే ఆ రోజంతా వ్యాపారం సాగదని మా బజారులో అందరికీ భయం. "కొననీకి పోతె షెటర్ లేపంగనే పోవాలె తమ్మీ. బోణీ గిరాకిని ఎవ్వడు ఎల్లగొట్టడు," అనేది. తన దుకాణంలో మాత్రం ఆ పప్పులు ఉడకనిచ్చేది కాదు.

నలభై ఐదు దాటాక ఆమెకు తలనొప్పి పట్టుకుంది. ఎదురుగా ఉన్నవారితో బాగానే మాట్లాడేది. పక్కన నిలబడ్డవారిని పట్టించుకునేది కాదు. సత్తమ్మకు గర్వమెక్కిందని గిరాకీలు లేచిపోయేవారు. ఒకరోజు తలుపుకు భుజం కొట్టుకుంటే నేను నవ్వాను.

"పదేండ్ల సంది ఆడనే ఉందక్కా గా తలుపు!"

"ఉంటె ఉండనీ. నాకు కనవడాలె గదరా," అంది. ఆమె నవ్వలేదు.

మర్నాడు షట్టర్ లేపుతుండగానే ఆమెను కళ్లద్దాల దుకాణానికి తీసుకుపోయాను. అద్దాలాయన ఆమె కళ్లకు రెండు పక్కలా వేళ్లు ఆడిస్తూ చాలాసేపు చూశాడు. "గిది అద్దాలతోని పొయ్యేది కాదమ్మా. పక్క చూపు తగ్గింది. కరీంనగర్ల డాక్టరుకు సూపెట్టుకో, తలకు స్కానింగ్ తీస్తరు."

"బోణీ గిరాకిని ఒట్టి చేతులతోని పంపుతవా సేటూ?" అన్నాను. ఆయన ఖాళీ గల్లాపెట్టె వైపు చూశాడు. చివరికి ఒక జత ధరకు రెండు జతలిచ్చాడు. బయటికొచ్చాక సత్తక్క మురిసిపోయింది. "శభాష్ రా! నా శిష్యునివే!"

ఆరు నెలలు ఆ అద్దాలు మార్చి మార్చి పెట్టుకుంది. పక్కనుంచి వచ్చిన ఆటో కింద పడబోయిన రోజున గాని కరీంనగర్ పోలేదు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుందట. అక్కడ నీటితిత్తి పెరిగి కంటి నరాలను ఒత్తుతోంది. క్యాన్సర్ కాదన్నారు. హైదరాబాదులో ముక్కు లోపలినుంచి వెళ్లి దాన్ని ఖాళీ చేశారు. తలనొప్పి పోయింది. గ్రంథి సరిగా పనిచేయక రోజూ మాత్రలు మిగిలాయి. కుడి పక్క చూపు తిరిగొచ్చింది, ఎడమ పక్కది రాలేదు.

ఆరు నెలల ముందే వస్తే అదీ దక్కేదా అని డాక్టరును అడిగాను. దక్కేదేమో, గట్టిగా చెప్పలేనన్నాడు. ఆ మాట సత్తక్కకు చెప్పి, నన్ను తిట్టమన్నాను.

"తిడితె సూపొస్తదారా? గా ఉపాయం జెప్పింది నేనే. అద్దాలాయన వద్దంటె ఇన్నది ఇద్దరం."

ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఏ దుకాణదారుడైనా నీకు కావలసింది నా దగ్గర లేదంటే, నోరు మూసుకుని వెనక్కి వస్తాను. తప్పులో సగం అక్క తన మీద వేసుకుంది. అది ఆమె మంచితనం, నిజం కాదు. అద్దాలాయన మాట ఆమె చెవిన పడేలోపే నా నోటి జోరులో కొట్టుకుపోయింది. ఎడమ పక్క చూపు ఆ అద్దాలు కొనకముందే పోయిందో, తర్వాత పోయిందో ఎవరూ తేల్చలేరు. ఆ ఆరు నెలలు మాత్రం పూర్తిగా నావే.