అరవకముందే లేచిన విమానం

అనుమానం నాకు మా అవ్వ నుంచి వచ్చింది. పాలు పోసేవాడి చెంబులో వేలు ముంచి చూడనిదే ఆమె గిన్నె పట్టేది కాదు. ఇంజనీరునయ్యాక నేనూ అంతే. అన్నీ బాగున్నాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

హిందూపురం నుంచి పెనుకొండ పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో మా ఆఫీసు. విమానం దిగేటప్పుడు వేగం ఎక్కువైనా, ఎత్తు తప్పినా పైలట్‌ను హెచ్చరించే కొత్త గొంతును మేం తయారుచేస్తున్నాం. అది ఇంగ్లీషులో అరుస్తుంది. అరుపు వినగానే పైలట్ దిగడం మానుకుని విమానాన్ని మళ్లీ పైకి లేపాలి. దాన్ని పరీక్షించడానికి చెక్కలతో అరుగు కట్టి, దానిమీద ఉత్తుత్తి కాక్‌పిట్ పెట్టాం. దాని వెనక, అదే అరుగు మీద, ఆపరేటర్ కూర్చుంటాడు. గొంతు ఎప్పుడు అరవబోతోందో అతనికి తెర మీద ముందే కనిపిస్తుంది.

అసలు పరీక్షలకు ముందు ఒకసారి చూసుకుందామని మా తమ్ముణ్ణి పిలిచాను. వాడు నిజం విమానాలు నడుపుతాడు. సెలవు మీద ధర్మవరం వచ్చి, నా పోరు పడలేక ఒప్పుకున్నాడు. ఈ గొంతు నెగ్గితే రేపు వాడు నడిపే విమానంలోకే పోతుంది. నా భయమంతా అదే. పనికిరాని యంత్రాన్ని నమ్ముకుని నా తమ్ముడు అంతమంది జనంతో నేలకు దిగకూడదు.

వాడు ప్రతిసారీ విమానాన్ని వేళకు పైకి లేపి నెగ్గాడు. ఆఫీసులో అందరూ మిఠాయి పంచుకుంటుంటే నేను రికార్డింగులు పెట్టుకుని కూర్చున్నాను. చూద్దును కదా, గొంతు అరవకముందే వాడి చెయ్యి కదులుతోంది! ఇదేం విడ్డూరం?

ఆపరేటరుది కూడా ధర్మవరమే, మగ్గాల ఇంటి మనిషి. వచ్చిన రోజు నుంచీ ఇద్దరూ కలిసే టీకి పోతున్నారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?

"ఏమప్పా, మావాడికి ముందే చెప్తాండావా?" అని నిలదీశాను.

"దేవుని తోడు, లేదక్కా," అన్నాడు ఆపరేటర్.

తమ్ముడికి రోషం పొడుచుకొచ్చింది. "సొంత తమ్ముణ్ణే దొంగను చేస్తాండావే!"

"గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకురా భుజాలు తడుముకుంటావు?" అన్నాను.

మరునాడు పరీక్ష జరుగుతుండగా నేనే కాక్‌పిట్ గదిలోకి పోయి అరుగెక్కాను. ఆయుధపూజకు ఆ మిషనుకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టినప్పటి నుంచి ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ పోరు. పైలట్ కూడా ఒట్టి కాళ్లతోనే పెడళ్లు తొక్కాలి. ఆపరేటర్ కళ్లు చూశాను, చేతులు చూశాను, దగ్గుతాడేమోనని చెవులు రిక్కించాను. ఏమీ లేదు. అంతలో నా అరికాళ్ల కింద చెక్క టక్కుమని అదిరింది. తమ్ముడు విమానం ముక్కు పైకెత్తాడు. ఆ తర్వాతే గొంతు అరిచింది.

ఆ దెబ్బ ఆపరేటర్ మడమది.

పట్టుకుని అడిగితే అతను బిత్తరపోయాడు. "నేను కొట్టినానా? మా నాయన మగ్గం నేస్తాంటే నేను పక్కన కూర్చోని చీర అంచు దారముండే నాడె ఇసుర్తాంటి అక్కా. ఇసిరే ముందర మడమతో ఒక దెబ్బ కొడితే ఆయన తల ఎత్తకుండానే చెయ్యి ఆపుతాండె. ఆ అలవాటేమో. నాకు తెల్లేదు."

"దెబ్బేంది? నాకేమీ తగల్లేదే," అన్నాడు తమ్ముడు.

ఇద్దరి మాటా నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆపరేటర్‌ను బయటికి పంపి, నేనే అతని కుర్చీలో కూర్చున్నాను. కాళ్లు పైకి ముడుచుకున్నాను. తమ్ముడు దిగడం మొదలుపెట్టాడు. వెనక నుంచి గాలి తోసేలా మార్చాను. వేగం పెరిగింది. అదే సమయానికి కంట్రోల్ టవర్ వాళ్లు మాట్లాడుతున్నట్టు వాడికి ఏవో ప్రశ్నలు వినిపించాను. గొంతు అరిచింది. మళ్లీ అరిచింది. వాడు నింపాదిగా దించుతూనే ఉన్నాడు. రన్‌వే అయిపోయింది. విమానం అవతలి పొలాల్లోకి దూసుకుపోయి తెర నల్లబడింది.

వాడు గిర్రున నా వైపు తిరిగాడు. "గొంతు ఆపేసినావు కదా? నన్ను తప్పు పట్టాలనే కదా ఇదంతా?"

నేను రికార్డింగు పెట్టాను. గదంతా దద్దరిల్లేలా అరుపు. ఆ అరుపులోనే టవర్‌కు తాపీగా జవాబు చెబుతున్న వాడి గొంతు. వాడు మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు.

"ఇది నాకు వినపడ్లేదక్కా. ఒట్టు."

నా అనుమానమే నిజమైందన్న సంబరం ఒక్క క్షణం కూడా నిలవలేదు. పని ఒత్తిడిలో మనిషికి చెవులు మూసుకుపోతాయని పుస్తకాల్లో చదివాను కానీ, నా తమ్ముడి చెవులు మూసుకుపోవడం కళ్లారా చూస్తాననుకోలేదు.

"ఈ గొంతును ఇట్లే పోనియ్యనురా," అన్నాను. "దానితోపాటు కాళ్ల కింద అదిరేది కూడా పెడదాం. కాళ్లకు తగిలింది నీకు అందింది కదా."

వాడు నా మాట వినడం లేదు. నల్లబడిన తెర వైపే చూస్తున్నాడు.

"నేను నడిపే విమానంలో పాత గొంతు ఒకటి ఉండాది కదక్కా. ఇన్నేండ్లలో నేను దిగేటప్పుడు అది ఒక్కసారీ అరవలేదని అందరికీ గొప్పగా చెప్పుకుంటాంటి," అన్నాడు. "అరవలేదో, నాకే వినపడ్లేదో!"