దారి లేని వంతెన

కృపావరం రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి వంతెన మీదికి చేరుకునేది. కొత్తగా చూసేవాళ్లకు వింతే గానీ, దుర్గి మండలంలో తుమ్మలవాగు ఒడ్డునున్న ఆ ఊరివాళ్లకు అది మామూలైపోయింది. ప్రభుత్వం వంతెన మంజూరు చేసింది. కాంట్రాక్టరు స్తంభాలు లేపి స్లాబు పోశాడు. ఆ తర్వాత బిల్లులు రావడం లేదని మిషన్లు ఎత్తుకుని వెళ్లిపోయాడు. వంతెన మనిషి ఎత్తుకు పైన అలాగే నిలబడిపోయింది. ఎక్కడానికి ఇటూ దారి లేదు, దిగడానికి అటూ లేదు. ఊరివాళ్లే రెండు కొసలా వెదురు నిచ్చెనలు కట్టుకున్నారు.

బడి, రేషన్ షాపు, బస్సు అన్నీ వాగుకు అవతలే. కృపావరం ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. యాభై దాటిన మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు. భర్త యోబు వెంట వచ్చి, నిచ్చెనను రెండు చేతులతో బిగించి పట్టుకునేవాడు.

"కిందికి చూడమాకే. పైకి చూసి ఎక్కు."

ఆమె పైనుంచి తాడు వదిలితే కూరగాయల సంచి కట్టి పంపేవాడు. తర్వాత తనూ ఎక్కేవాడు. అవతల కొసలో ముందు తాను దిగి అక్కడా నిచ్చెన పట్టుకునేవాడు. నడుమ వంతెన మీద ఇద్దరూ నింపాదిగా నడిచేవాళ్లు. పెళ్లైన కొత్తలో కూడా వాళ్లు అన్ని కబుర్లు చెప్పుకోలేదు.

వాన పడితే మాత్రం వెదురు జారేది. వాగులో దిగుదామంటే మామూలప్పుడే మోకాలిలోతు బురద, వానకు నీళ్లు నడుముదాకా. ఆ పూట కృపావరం ఇంట్లోనే ఉండిపోయేది. పిల్లలు బిస్కెట్లు తిని సరిపెట్టుకున్నారని తెలిస్తే ఆమెకు అన్నం సయించేది కాదు.

సంక్రాంతి వెళ్లాక నరసరావుపేట నుంచి నీరజ అనే కొత్త ఇంజనీరు వచ్చింది. యోబు నిమ్మతోటలో కొలతలు వేయించి, మేకులు పాతించింది.

"దారి వేయడానికి నిధులొచ్చాయండీ. కానీ మట్టికీ, కంకరకీ మాత్రమే. భూమి కొనడానికి ఏమీ ఇవ్వలేదు. అవతలి కొసన ప్రభుత్వ స్థలమే, ఇటువైపు మాత్రం ఊళ్లోవాళ్లే ఇవ్వాలి. మార్చిలోపు పని మొదలుపెట్టకపోతే డబ్బు వెనక్కి పోతుంది" అంది.

యోబు మేకుల వంక చూసి, "వంతెన తిన్నగా దిగితే అమరేశ్వరరావు గారి చేలో గదా మేడం దిగుద్ది? మా మీదికి ఎందుకు తిరిగింది?" అన్నాడు.

"ఆయన ఒప్పుకోలేదండీ. మీరైతే..." అని నీరజ ఆగిపోయింది. ఆమెకే ఆ మాట పూర్తి చేయడం ఇష్టం లేకపోయింది.

తోటలో ఉన్నవి రెండే వరసలు. వాటిని యోబు వాగులోంచి బిందెలతో నీళ్లు మోసి పెంచాడు. దారి పడితే రెండు వరసలూ పోతాయి. యోబు అడ్డం పడుతున్నాడని అప్పుడే ఊళ్లో మాటలు మొదలయ్యాయి. ఆ సాయంత్రం అతను కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"నువ్వు ఇచ్చేయమంటే ఇచ్చేస్తానే. నీ మోకాళ్లకంటే నాకు చెట్లు ఎక్కువా?" అన్నాడు.

ఆ మాట అన్నందుకే ఆమెకు ఇచ్చేయమని చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు బడి నుంచి వస్తూ కృపావరం తిన్నగా అమరేశ్వరరావు ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. పక్కన మంచం మీద ఆయన తల్లి వీరరాఘవమ్మ కూర్చుని ఉంది.

"అయ్యా, మీ చేనుకీ మా తోటకీ నడుమ గట్టుంది గదా. దాని మీదుగా వేయించండి. సగం మీది, సగం మాది పోద్ది. మాకు ఒక వరసన్నా మిగులుద్ది" అంది కృపావరం.

"ఏంది, నాకు చెప్పొచ్చేదానివయ్యావా?" అన్నాడాయన.

అయినా కృపావరం అక్కడినుంచి కదల్లేదు.

"ఒరేయ్, ఆ పొలం చెక్క ఎవరి పేరునుంది?" అని మంచం మీదనుంచి గొంతు వినబడింది.

"నీ పేరునే. అయితే ఏందమ్మా?"

"కంటి ఆపరేషనుకి నన్ను కుర్చీలో కూచోబెట్టి, తాళ్లేసి, ఆ వంతెన మీదికి లాగారు గదరా. కింద జనమంతా చూస్తన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచీ నేను వాగు దాటింది లేదు. ఇంజనీరమ్మని రమ్మను. సంతకం నేను పెడతా."

అమరేశ్వరరావు తల్లి ముఖం చూసి, ఇంజనీరుకి ఫోన్ కలిపాడు.

దారి గట్టు మీదుగానే పడింది. నిమ్మచెట్లలో ఒక వరస పోయింది, ఒకటి మిగిలింది. జేసీబీ వచ్చిన రోజున యోబు తోట వైపు వెళ్లలేకపోయాడు. ఇంటి అరుగు మీదే కూర్చుండిపోయాడు. కృపావరం బడికి సెలవు పెట్టి, ఆ చప్పుడు ఆగేదాకా అతని వీపు మీద చెయ్యి వేసుకుని పక్కనే కూర్చుంది.

వానలు మొదలయ్యే లోపు కంకర పరిచి, రోలరు తిప్పి, రెండు వైపులా దారి పూర్తి చేశారు. జూన్‌లో బడి తెరిచాక ఒక పొద్దున వీరరాఘవమ్మ చేతికర్ర పట్టుకుని వంతెన మొదట్లో నిలబడి ఉంది.

"ఏమే కృపావరం, చెయ్యి అందుకో. అవతలిదాకా వస్తా."

ఆమె చెయ్యి పట్టుకుని కృపావరం మెల్లగా నడిపించింది. నడుమ ముసలామె ఆగి, పిట్టగోడ మీదుగా నీళ్లను చానాసేపు చూసింది. బడికి చేరాక వంటగది ముందు బల్ల మీద చతికిలబడింది.

"ఈ పూట ఏం వండుతన్నావే?"

"పప్పుచారు, గుడ్డు, అమ్మా."

"గుడ్డు నాకొద్దులే. పప్పుచారు పొయ్యి. ఇక్కడే తింటా."

కృపావరం చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఇంట్లో వాళ్లెవరూ ఇంతవరకూ ఆమె చేతి వంట తినలేదు. మధ్యాహ్నం గంట కొట్టాక కడిగిన కంచాన్నే ఇంకోసారి కడిగి, కొంగుతో తుడిచి, అన్నం పెట్టింది. వీరరాఘవమ్మ పిల్లల పక్కనే కూర్చుని కలుపుకుని తింది. కృపావరం గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఉప్పు తగ్గిందే" అని ముసలామె కంచం ముందుకు జరిపింది. "ఇంకొంచెం పొయ్యి."