పిడి అదురు

టైల్స్ మేస్త్రీకి కుడి భుజం పట్టేసి నెల దాటింది. కొట్లో, పట్టేసినచోట టకటకా కొట్టి నొప్పి తగ్గించే మసాజ్ గన్‌లు రెండు, చవకదొకటి ఖరీదైనదొకటి, ముందు పెట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడ్డచోట నిలవలేకపోతున్నాడు.

"చవకది చాలదా? అదీ కొడుతుందిగా," అంది భార్య.

అతని గుబులు భుజం గురించి కాదు. ఏళ్ల తరబడి కటింగ్ మెషిన్ పట్టి, దాని అదురుకు కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. ఇంట్లో చెప్పలేదు. రెండు టైల్స్ సమంగా కూర్చున్నాయో లేదో ఇప్పుడు ఎడమచేతి వేళ్లతోనే చూసుకుంటున్నాడు. అవీ పోతే పనే పోతుంది.

చవకదాన్ని ఎడమచేత్తో భుజానికి ఆనించాడు. భుజానికి హాయిగానే ఉంది కానీ, పిడి అచ్చం కటింగ్ మెషిన్‌లాగే అదిరింది. ఆపి, వంగి అదే చేత్తో నేలమీద టైల్స్ అతుకు తడిమాడు. వేళ్లకు ఏమీ తెలియలేదు.

"కొనడానికొచ్చి నేల తుడుస్తావేంటయ్యా?" అంది భార్య.

తిమ్మిరి దిగేదాకా ఆగి, ఖరీదైనది అలాగే భుజానికి ఆనించాడు. పిడి అదరకుండా కుదురుగా ఉంది. మళ్లీ తడిమాడు. అతుకు వేలికి తగిలింది.

"ఇదే తీసుకుందాం."

భార్య అతని చేతినే చూస్తోంది.

"నీది కుడిచేతి వాటం కదా. ఎడమచేత్తో తడుముతున్నావేం?"

అతను కొట్టతని వైపు తిరిగాడు.

"కాస్త త్వరగా కట్టివ్వు బాబూ."