గోల్ వెనక, వల దగ్గర: షోల్ బే వైపు ఒక ఫుట్‌బాల్ మధ్యాహ్నం

నాకు ఫుట్‌బాల్ ఇష్టం. జనం మధ్య మాత్రం ఎక్కువసేపు ఉండలేను. నాలుగు వైపుల నుంచీ అరుపులు ఒకేసారి వినబడితే ఏ మాట ఎవరిదో తెలియకుండా పోతుంది. అరచేతులు చల్లబడతాయి. లేచి ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తుంది. అందుకే పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగి కూడా ఒక్క మ్యాచ్‌నైనా మైదానంలో చివరిదాకా చూడలేదు. టీవీలో చూస్తాను, అదీ శబ్దం బాగా తగ్గించి. మా బావమరిది నూకరాజు దీనికి పూర్తిగా వేరు. పొద్దున పడవ మీద చేపల వేట, సాయంత్రం మైదానంలో గోల్ కాపలా. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని మ్యాచ్‌లు ఎన్ని జరిగినా, గెలిచాడో ఓడాడో నాకు ఫోన్‌లోనే తెలిసేది.

జనవరిలో ఒక రోజు అతను మా ఇంటికి వచ్చి లుంగీ పైకెత్తి వాచిన మోకాలు చూపించాడు. "బావా, డాక్టరు ఇంక బస్, ఆట ఆపీ అనీసినాడు. ఆదివారం ఫైనల్ ఆడీసి మానేత్తాను. నువ్వు రావా?" అన్నాడు. నేను ఆ మోకాలు వైపే చూశాను. అతనే అందుకుని, "జబర్దస్తీ ఏటీ నేదు. కానీ ఈ మోకాలు మల్లీ ఇంకో ఫైనల్ ఆడదు కదా" అన్నాడు. పొయ్యి దగ్గర ఉన్న మా ఆవిడ రమణమ్మ వెనక్కి తిరగకుండానే, "ఎల్లు. ఉండలేకపోతే లేసొచ్చీ. పోలీసులేటీ పట్టుకోరు" అంది. ఆ మాటతో వస్తానని ఒప్పుకున్నాను. అతని ఆఖరి మ్యాచ్ ఒక్కటైనా చివరిదాకా చూడాలని అప్పుడే అనుకున్నాను గానీ పైకి చెప్పలేదు. చెప్పి చేయలేకపోతే బాగుండదు.

మేముండేది డిగ్నాబాద్‌లో. గోల్ ఘర్ బజారులో ఒక సిమెంటు దుకాణంలో లెక్కలు రాస్తాను. చదువు ఎనిమిదో తరగతితో ఆగినా, పక్కవాళ్ళు రాసేది చూసి చూసి ఆ పని నేర్చుకున్నాను. ఏ రోజు ఖర్చు ఆ రోజే రాసుకుంటాను కాబట్టి ఇక్కడ చెప్పే ధరలు నమ్మవచ్చు. ఆదివారం పదకొండు దాటాక గోల్ ఘర్ నుంచి చాథమ్ జెట్టీకి బస్సెక్కాను. పది రూపాయలు. ఆటో అయితే వంద పైనే అడుగుతారు. చాథమ్ నుంచి బంబూఫ్లాట్‌కి ఫెర్రీలో పావుగంట ప్రయాణం, టికెట్ చిల్లర డబ్బుల్లోనే వస్తుంది. ఫెర్రీ మధ్యలో లారీలు, స్కూటర్లు నిలుపుతారు, మనుషులు చుట్టూ అంచుల్లో నిలబడతారు. నాలాంటివాళ్ళు అందరికన్నా ముందు ఎక్కాలని తొందరపడకుండా ఆఖరున ఎక్కితే మంచిది. ముందెక్కినవాళ్ళు దిగడానికి వీలుగా అటు చివరికి పోతారు, ఇటు చివర ఆనుకునే కమ్మీ ఖాళీగా ఉంటుంది. నేను అక్కడే నిలబడ్డాను. రంపం మిల్లు నుంచి కోసిన కలప వాసన కొంత దూరం మాతో పాటే వచ్చింది. నీళ్ళ మీద ఎండ, ఇంజను ఒకే తీరుగా చేసే చప్పుడు. ఒకే చప్పుడు ఎంత పెద్దదైనా నన్ను ఇబ్బంది పెట్టదు.

బంబూఫ్లాట్ జెట్టీ దగ్గర చిన్న దుకాణంలో టీ తాగుతుంటే, దుకాణం నడిపే ఆవిడ నా చేతిలో గొడుగు, నీళ్ళ సీసా చూసి, "మ్యాచ్‌కా భయ్యా? జల్దీ పో. ఇయాల ఊర్లన్నీ అక్కడే ఉంటాయి. కాలెట్టడానికి జాగా దొరకదు" అంది, మంచి కబురు చెప్పినట్టు. ఆ టీ నాకు సగమే దిగింది. తిరిగి వెళ్ళే ఫెర్రీ ఎదురుగానే ఉంది. ఎక్కుదామా అని కూడా చూశాను. ఇంతలో మ్యాచ్ జరిగే షోల్ బే వైపు వెళ్ళే బస్సు కదలబోతూ హారన్ కొట్టింది. ఆలోచించే వ్యవధి లేకపోవడమే మంచిదయింది, ఎక్కేశాను.

ఇరవై రూపాయల టికెట్టు. వింబర్లీగంజ్ దాటాక రోడ్డుకు రెండు వైపులా పోకతోటలు, మధ్య మధ్య పచ్చిక మైదానాలు. వెనక్కి ఆఖరి బస్సు ఎప్పుడని కండక్టర్‌ని అడిగాను. "ఆరింటికి ఒకటుంది. టెన్షన్ మత్ లో భయ్యా. డ్రైవరు కూడా మ్యాచ్ చూడ్డానికే పోతాడు. ఆడు రాకుండా బస్సెలా పోద్ది?" అన్నాడు. మైదానానికి కొంచెం ఇవతల, కల్వర్టు దగ్గర నన్ను దింపాడు.

అక్కడ ఒక పెద్దాయన నడిపే చిన్న హోటల్లో పరోటాలు, చేపల కూర తిన్నాను. రెండు పరోటాలూ కూరా కలిపి తొంభై. ఎప్పుడో మలబార్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ వైపు ఎక్కువ. ఫుట్‌బాల్ పిచ్చి కూడా అంతే ఎక్కువ. కూరలో చింతపండు పులుపు, కొబ్బరి కమ్మదనం సమంగా కుదిరాయి. తింటున్నంతసేపూ నాకు మ్యాచ్ సంగతే గుర్తు రాలేదు. పెద్దాయన హిందీలో, ఏ జట్టు కోసం వచ్చావని అడిగాడు. చేపలవాళ్ళ జట్టు గోల్‌కీపర్ మా బావమరిది అని చెప్పాను. "ఆ రాక్షసుడా! రెండేళ్ళ నుంచీ మా పిల్లల్ని ఏడిపిస్తున్నాడు" అని ఇంకో గరిటె కూర పోశాడు. "తిను, బాగా తిను. ఇవాళ ఏడ్చే వంతు మీది. ఏడవడానికి ఓపిక ఉండాలి." ఆ గరిటెకు డబ్బు తీసుకోలేదు.

మైదానం దగ్గరికి వెళ్ళేసరికి టీ ఆవిడ చెప్పినంతా నిజమే. మూడు వైపులా తాళ్ళు కట్టి ఉన్నాయి, తాళ్ళ వెంట జనం. కొబ్బరిచెట్టుకు కట్టిన మైకులోంచి ఒకాయన ఆపకుండా మాట్లాడుతున్నాడు. నాలుగో వైపు మాత్రం ఎవరూ లేరు. అటు గోల్ వెనక కొద్ది అడుగుల్లోనే మడ చెట్లు, వాటి మధ్య ఉప్పు కాలువ. ఇక్కడ దాన్ని క్రీక్ అంటారు. గట్టు మీద మొసళ్ళున్నాయని హెచ్చరిక బోర్డు ఉంది. బంతి అందులో పడితే ఇక దాన్ని వదులుకోవలసిందే, ఎవరూ దిగరు. అందుకని ఇక్కడికి ఆడటానికి వచ్చినప్పుడల్లా చేపలవాళ్ళ జట్టు పాత వల ఒకటి వెంట తెస్తుంది. గోల్ వెనక ఒక కొసను కొబ్బరిచెట్టుకు కట్టేస్తారు. రెండో వైపు చెట్టు లేదు. అందుకని గుంజ పాతి, పై తాడును దానికి రెండు చుట్లు తిప్పి, కొస ఒక మనిషి చేతిలో పెడతారు. బంతి తగిలినప్పుడల్లా వల జారుతుంది, మళ్ళీ లాగి బిగించాలి. వచ్చి పడిన బంతిని తిరిగి లోపలికి విసరాలి.

నూకరాజు నన్ను దూరం నుంచే చూశాడు. కుంటుకుంటూ వచ్చి, "వొచ్చీసినావా బావా! నానయితే నువ్వు జెట్టీ కాడే తిరిగెల్లిపోతావనుకున్నాను" అన్నాడు. నిజంగానే అలా తిరిగి వెళ్ళిపోబోయానని నేను చెప్పలేదు. "నువ్వు ఆ జనంలో కూకోకు. నా యెనకాల ఉండు. ఈ తాడు పట్టుకో. అటు ఎవుడూ రాడు, మొసలంటే అందరికీ బయ్యమే" అని తాడు కొస నా చేతికిచ్చాడు. "మరి నాకు భయం ఉండదా?" అన్నాను. "నిన్ను తినాలంటే దానికి పర్మిషన్ కావాల. అక్కని అడగాల" అన్నాడు.

మూడింటికి ఆట మొదలైంది. గోల్ వెనక నుంచి చూడటం టీవీలో చూడటంలా ఉండదు. మైదానం మొత్తం కనబడదు, కానీ దగ్గరివి బాగా వినబడతాయి. బూటు బంతికి తగిలిన మోత, పరిగెత్తేవాళ్ళ ఊపిరి, ఒకరినొకరు పిలుచుకునే పేర్లు. మైకు, జనం అంతా అటు దూరంగా ఒకటే హోరుగా ఉంది, ఫెర్రీ ఇంజనులాగా. నూకరాజు ఆట అంతా తనలో తానే మాట్లాడుకుంటాడని నాకు ఆ రోజే తెలిసింది. "రా, రా, రానీ, ఇంకా రానీ, ఛోడ్... నాది!" అని అరిచి దూకేవాడు. లేచి మోకాలు రుద్దుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. రెండుసార్లు బంతి గోల్ మీదుగా వచ్చి వలలో పడింది. తాడు నా చేతుల్లో గుంజింది. బంతి విసిరితే నూకరాజు చూడకుండానే అందుకున్నాడు. నేను నవ్వుతున్నానని కొంచెంసేపటికి గాని నాకు తెలియలేదు.

రెండో సగంలో జట్లు వైపులు మారాయి. నా ముందు అవతలి జట్టు గోల్‌కీపర్ వచ్చి నిలబడ్డాడు, పలుచటి మీసాల యువకుడు. నూకరాజు మనిషినని తెలుసుకుని, "అంకుల్, మొసలి లేచింది, పీఛే దేఖో!" అని రెండుసార్లు బెదిరించాడు. మొదటిసారి నిజంగానే వెనక్కి చూశాను. ఆట పూర్తయ్యేసరికి ఇద్దరికీ చెరొక గోల్. ఇక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి అదనపు సమయం ఆడించరు, నేరుగా పెనాల్టీలే. అటువైపు గోల్ ముందు బాగా బురద అయిందని రిఫరీ క్రీక్ వైపు గోల్ చూపించాడు.

అంతే, తాళ్ళన్నీ తెగినట్టు జనమంతా ఇటే వచ్చారు. గోల్‌కు రెండు పక్కలా, వల వెనకా, గట్టు మీదా నిలబడ్డారు. మొసలి భయం ఎవరికీ లేదు. ఒకరి మోచేయి నా వీపుకు, ఒకరి డప్పు నా చెవి పక్కన. మైకు కూడా దగ్గరికి తెచ్చారు. మొదటి బంతి తన్నకముందే నా వేళ్ళు మొద్దుబారాయి. ఎవరు ఏమంటున్నారో తెలియలేదు. పక్కన నిలబడిన లావుపాటి మనిషి చేతిలో తాడు పెట్టి, "ఇప్పుడే వస్తాను" అని ఎలాగో చెప్పి, జనాన్ని తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చేశాను.

కల్వర్టు మీద కూర్చుని నీళ్ళు తాగాను. మైదానం నుంచి పెద్ద అరుపు వచ్చింది. కాసేపాగి ఇంకొకటి. గోల్ అయిందో, నూకరాజు ఆపాడో, అరుస్తున్నది ఎవరో అక్కడినుంచి తెలియదు. ఇంట్లో ఫోన్ కోసం ఎదురుచూసినట్టే ఉంది, ఇంత దూరం వచ్చి కూడా. అలా ఏడో అరుపు కూడా విన్నాక లేచాను. చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి. భయం పోయాక వెళదామనుకుంటే ఆట అయిపోయేది. వెనకనుంచి వెళ్ళి, "రస్సీ నాది, రస్సీ నాది" అంటూ ఉంటే జనం దారి ఇచ్చారు. లావుపాటాయన తాడు నాకిచ్చి, "ఎక్కడికి పోయావు భయ్యా? నా చెయ్యి ఊడిపోయింది" అన్నాడు. మావాళ్ళు అప్పటికే ఒకటి బయటికి తన్నారనీ, ఇది వాళ్ళ ఐదోదనీ, ఈ బంతి లోపలికి పోతే వాళ్ళు గెలిచినట్టేననీ అతనే చెప్పాడు.

నూకరాజు గీత మీద నిలబడ్డాడు. తల తిప్పకుండా, "బావా, ఉన్నావా?" అన్నాడు. "ఉన్నాను" అన్నాను. "తాడు గట్టిగా లాగు" అన్నాడు. లాగి పట్టుకున్నాను. వంగి మోకాలు ఒకసారి రుద్దుకున్నాడు. అవతలివాడు పరిగెత్తుకొచ్చి తన్నాడు. నూకరాజు సరిగ్గా అటే దూకాడు. బంతి అతని వేళ్ళ చివర్లకు తగిలి కొంచెం పక్కకు తిరిగి, అయినా గోల్ కంబం లోపలినుంచే వచ్చి నా వలలో పడింది. తాడు గుంజింది. నేను వదల్లేదు.

మరుక్షణం జనమంతా గెలిచినవాళ్ళ వెంట మైదానం మధ్యకు పరిగెత్తారు. గోల్ దగ్గర మేమిద్దరమే మిగిలాం. నూకరాజు చాలాసేపు బోర్లా పడుకునే ఉన్నాడు. తర్వాత లేచి వచ్చి నా పక్కన నేల మీద కూలబడ్డాడు. చేతి తొడుగు విప్పి వేళ్ళు చూసుకున్నాడు. "తగిలినాది బావా. ఎవుడికి చెప్పినా నమ్మడు గానీ, ఏళ్ళకి తగిలినాది" అన్నాడు.

"చూశాను. రెండు వేళ్ళకు. బంతి తిరిగింది" అన్నాను.

"నీకు కనబడినాదా?" అన్నాడు నా ముఖంలోకి చూస్తూ. అవునన్నాను. అతను కళ్ళు తుడుచుకున్నాడు. మధ్యలో లేచి వెళ్ళాననీ, ఆఖరిది తప్ప పెనాల్టీలేవీ చూడలేదనీ నేనే చెప్పాను. "పోనీలే. అయ్యన్నీ నానూ సూళ్ళేదు, కళ్ళు మూసీసే దూకినాను" అన్నాడు. ఇద్దరం కలిసి వల చుట్టాం. జట్టంతా వ్యానులో వెళ్ళింది. అతను మాత్రం నాతో ఆరింటి బస్సు ఎక్కి, బంబూఫ్లాట్ దాకా నా భుజం మీద తలపెట్టి నిద్రపోయాడు.

ఈ ప్రయాణం తర్వాత నేను మారిపోయానని చెప్పలేను. ఈ వారం కూడా బజారులో ఊరేగింపు వస్తుంటే సందులోకి తప్పుకున్నాను. కానీ మ్యాచ్ చూడటమంటే మొదటి నిమిషం నుంచి చివరిదాకా అందరి మధ్యా కూర్చోవడమేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను, అలా కూర్చోలేను కాబట్టి నాది కాదని వదిలేశాను. కొంత చూసి, బయటికి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసినా అది చూసినట్టే. మంచి కూర తిన్న మధ్యాహ్నం, ఖాళీ కమ్మీ దగ్గర పావుగంట గాలి, ఇవన్నీ కూడా ఆ రోజులోవే. మీరూ నాలాంటివారైతే వెళ్ళండి. ఒక్కటే గుర్తుంచుకోండి. ఉండలేక లేచి వెళ్ళేటప్పుడు చెప్పకుండా జారుకోకండి. పక్కన ఎవరున్నా సరే, "ఇప్పుడే వస్తాను, నా చోటు చూడండి" అని చెప్పి వెళ్ళండి. ఉంచుతారు.