గొర్రెల డాక్టరు చూసిన బీపీ

2022లో పత్తికొండ దగ్గరి ఒక ఊళ్లో ఏఎన్ఎంగా పనిచేసేదాన్ని. ఊరివాళ్లకు నర్సమ్మను. మా ఆరోగ్య ఉపకేంద్రం పైకప్పు పెచ్చులూడుతుంటే, పంచాయతీవాళ్లు పశువుల ఆసుపత్రిలో సగం మాకిచ్చారు. ఒకే వరండా. ఎడమవైపు నా బల్ల, కుడివైపు పశువైద్య సహాయకుడు మద్దిలేటి బల్ల.

ఈరమ్మవ్వ గొర్రెను పట్టుకుని తరచూ వచ్చేది, మద్దిలేటి దగ్గరికే. ఒకరోజు మెట్టెక్కుతూ కళ్లు తిరిగి గోడ పట్టుకుంది.

"ఇట్ల రా అవ్వా, బీపీ చూస్తా" అన్నాను.

"రోగం గొర్రెకమ్మా. నాకేమైండాది?"

"తల నొస్తాందా?"

"నొస్తాది. అందరికీ నొస్తాది." మద్దిలేటి వైపు చెయ్యి చూపి, "చూడాలంటే ఆయప్పను చూడమను. ఆయప్ప చెయ్యి శానా మంచిది. నా గొర్రె ఒగటీ సావల్యా" అంది.

మద్దిలేటి తలెత్తాడు. "నేను చూసేది నోరులేనోళ్లకవ్వా."

"అయితే నోరు మూసుకుంటా. చూడు."

నిజంగానే మూసుకుంది. నవ్వాపుకుంటూ నేను కఫ్, అంటే చేతికి చుట్టే పట్టీ, మద్దిలేటికిచ్చాను. అతను చుట్టాడు. నేను వెనక నిలబడి గాలి కొట్టి మీటరు చూశాను. నవ్వు పోయింది. కాసేపాగి మళ్లీ చూశాను, అంతే ఉంది. ఇంత బీపీతో ఈమె ఇంటికి పోతే ఏ క్షణానైనా పక్షవాతం రావచ్చు.

మద్దిలేటి చెవిలో చెప్పాను. అతను అవ్వ ముందు కూర్చుని, "ఇప్పుడే పత్తికొండకు పోవాలవ్వా" అన్నాడు.

"గొర్రె?"

"ఈడే కట్టేసుకుంటా. నువ్వొచ్చేదాకా నాదే."

గొర్రెను నా బల్లకాలికి కట్టాకే అవ్వ ఆటో ఎక్కింది. నేనూ వెంట వెళ్లాను. మంచి సమయానికి తెచ్చారన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. అవ్వ నాలుగు రోజులకు నడిచి వచ్చింది. మాత్రలు నేనిస్తే చేతిలో పెట్టుకుని చూసేది, మద్దిలేటి ఇస్తే మింగేది.

తర్వాతి వారం నా బెంచీ ఖాళీ. ఊళ్లోని ముసలివాళ్లంతా మద్దిలేటి బెంచీ మీద, చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నారు. కొందరు ముందే నోళ్లు మూసుకున్నారు.

"ఏంది నర్సమ్మా ఇది?" అన్నాడతను దీనంగా.

నాకు చిన్నతనమనిపించలేదంటే అబద్ధమే. కానీ జనం భయం లేని చోట కూర్చుంటారని, పిలవడం కన్నా అక్కడికి పోవడమే నా పని అని ఆరోజే తెలిసింది. నా బల్ల ఎత్తి కుడివైపు, మద్దిలేటి బల్ల పక్కనే వేసుకున్నాను. ఖాళీ అయిన ఎడమవైపుకు గొర్రెలు మారాయి.