రేడియేటర్ పలకకు కూలర్ గాలి

తెలంగాణ వచ్చిన మరుసటేడు మే నెలలో నన్ను చౌటుప్పల్‌లోని ఒక ప్రైవేటు కార్ఖానాకు తనిఖీ అధికారిగా పంపారు. అంతరిక్షంలో వాడే అణువిద్యుత్ యంత్రానికి రేడియేటర్ పలక నమూనా అక్కడ తయారైంది. అణు ఇంధనం పుట్టించే వేడిలో కొంతే కరెంటవుతుంది. మిగతాది బయటికి పోకపోతే యంత్రమే మాడిపోతుంది. పైన గాలి లేదు, నీళ్లు లేవు. పలక ఆ వేడిని కిరణాలుగా శూన్యంలోకి వదలాలి, అంతే.

శూన్యపు గదిలో జరిగే అసలు పరీక్షకు ముందు, కార్ఖానాలోనే గాలి ఆడకుండా తలుపులు మూసి తొలి పరీక్ష చేస్తాం. అణు ఇంధనం బదులు కరెంటు హీటర్. పలక వేడిని చూపే మీటర్ ముల్లు ఎర్రగీత దాటితే పలక ఫెయిలైనట్టే.

సూపర్‌వైజర్ యాదయ్యది నల్గొండ దగ్గరి పల్లె, గొర్రెలు కాసే కుటుంబం. పలక పాసైతే అతని జట్టునంతా పర్మినెంట్ చేస్తానని యజమాని మాటిచ్చాడు. ఆ సంగతి పొద్దున్నే నా చెవిన వేశారు, వేయకపోతే బాగుండేది. ఇక నాకు కుదురు లేదు. కూర్చోవడం, లేవడం, మీటర్ చూడటం, మళ్లీ కూర్చోవడం.

సాయంత్రానికి ముల్లు గీత కిందే నిలిచింది. చాయ్ వచ్చింది. సంతకానికి పెన్ను తీశాను. మెడకు చల్లగా తగిలింది. మూసిన షెడ్డులో, మే నెలలో, చల్లదనమేమిటి? తిరిగి చూస్తే నా కుర్చీ వెనక కూలర్ నడుస్తోంది. పక్క షెడ్డు మోతలో దాని చప్పుడు, నా ఆరాటంలో దాని గాలి ఇంతసేపూ నాకు తెలియలేదు. నన్ను దాటిన గాలి నేరుగా పలకకు తగులుతోంది.

ఒళ్లు మండింది. ఎవరు పెట్టారని గట్టిగానే అడిగాను. యాదయ్య జంకలేదు.

“పొద్దుగాల నేనే పెట్టిన సార్. మీరు గట్ల చెమటలు కక్కుతుంటే చూడబుద్ధి కాలే. ఇంటికొచ్చినోళ్లకు జర గాలన్న ఇయ్యకపోతే మేమేం మనుషులం?”

అది మోసగాడి ముఖం కాదు. అందుకే నాకు ఇంకా ఇబ్బందైంది. పాసైంది కదా, వదిలేయమని యజమాని నచ్చజెప్పబోయాడు.

“పైన దీనికి కూలర్ ఎవరు పెడ్తరు యాదయ్యా? బంద్ చెయ్యి,” అన్నాను.

మర్నాడు పరీక్ష మళ్లీ మొదలుపెట్టాం. కూలర్‌ను బయట పెట్టించి, అందరం ఉడికిపోతూ నిలబడ్డాం. మధ్యాహ్నానికే ముల్లు గీత దాటింది. వేడిని పలకంతా పరిచే సన్నని గొట్టాల్లో ఒకటి పనిచేయడం లేదు. అతుకు దగ్గర కారి, లోపలి ద్రవం పోయింది. ముందురోజు గాలి ఆ లోపాన్ని కప్పేసింది. పలకను తిరస్కరిస్తూ రిపోర్టు రాశాను.

జట్టు పర్మినెంట్ ఆ ఏడు ఆగిపోయింది. నేను తిరిగి వచ్చేటప్పుడు యాదయ్య నా ముఖం చూడలేదు.

“మీకు గాలి పెట్టుడే నా తప్పయింది సార్,” అన్నాడు. బాధేసింది.

మనకు చేసే మర్యాద కూడా పరీక్షలోకి చొరబడుతుందని అక్కడ తెలిసింది. రిటైరయ్యేదాకా ఏ కార్ఖానాకు వెళ్లినా, యంత్రం కంటే ముందు నా కుర్చీ ఎక్కడ వేశారో చూసేవాణ్ణి.