పని చేయని మార్ఫిన్

2023. పొలాల్లో పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులవి. నేను ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో పాలియేటివ్ కేర్ నర్సుగా తిరుగుతున్నాను. జబ్బు నయం కాదని తేలాక, మిగిలిన రోజులు బాధ లేకుండా గడిచేలా ఇంటికే వెళ్ళి చూసుకోవడాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. మమ్మల్ని చూడగానే ఇక అంతా అయిపోయినట్టు ముఖాలు వేలాడేసేవాళ్ళే ఎక్కువ. రాజేందర్ మాత్రం తనే వెతుక్కుంటూ మా ఆఫీసుకు వచ్చాడు.

వాళ్ళది బాల్కొండ దగ్గరి పల్లె. తండ్రి పోశెట్టికి క్యాన్సర్ వెన్నెముక దాకా పాకింది. హైదరాబాద్‌లో చూపిస్తే ఇంటికి తీసుకెళ్ళమన్నారు. మస్కట్‌లో డ్రైవర్‌గా చేసిన రాజేందర్, కొత్త వీసా కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉన్నాడు. తండ్రికి స్నానం చేయించడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం అన్నీ ఒక్కసారి చూపిస్తే నేర్చుకున్నాడు. ఇలాంటి కొడుకుంటే ఇక నాకేం పని అనుకున్నాను.

మా డాక్టర్ మార్ఫిన్ గోలీలు రాశారు. గట్టి నొప్పికి ఇచ్చే మందు అది, వేళ తప్పకుండా వేయాలి. మలబద్ధకం తెస్తుంది కాబట్టి జతగా లాక్సెటివ్, అంటే విరేచనం సాఫీగా అయ్యే మందు, తప్పకుండా ఇస్తాం.

మళ్ళీ వెళ్ళేసరికి నొప్పి ఏమాత్రం తగ్గలేదు. డాక్టర్ డోసు పెంచారు. అయినా తగ్గలేదు. మేము పెయిన్ స్కోర్ అడుగుతాం, అంటే నొప్పికి పదికి ఎన్ని మార్కులో రోగినే వేయమంటాం. నేను కాకా అని పిలిచే పోశెట్టి ఎప్పుడడిగినా తొమ్మిది అనేవాడు. "బడిల గూడ గిన్ని మార్కులు రాలే బిడ్డా" అని పళ్ళు బిగబట్టి నవ్వేవాడు.

గోలీలు మాత్రం సరిగ్గానే అయిపోతున్నాయి. నాకు వింతగా తోచింది ఇంకొకటి. కాకకు విరేచనాలు పట్టుకున్నాయి. రాజేందర్ దుప్పట్లు ఉతికి ఉతికి అలసిపోతున్నాడు. మార్ఫిన్ వేసుకునే మనిషికి విరేచనాలేమిటి? టార్చ్ వేసి కళ్ళు చూశాను. మార్ఫిన్ ఒంట్లో ఉంటే కంటిపాప ఆవగింజంత అవుతుంది. కాక కళ్ళు మామూలుగానే ఉన్నాయి. ఏదైనా పొసగకపోతే నాకు అన్నం సహించదు, అది నా స్వభావం.

రాజేందర్‌ను ఇంటి వెనక పసుపు ఉడుకుతున్న చోటికి తీసుకెళ్ళాను. నిలదీస్తే నోరు విప్పడని తెలుసు. ఆ గోలీ చూస్తే నీకేమనిపిస్తుంది తమ్మీ అని మాత్రమే అడిగాను. మంటలోకి ఒక కట్టె ఎగదోసి చెప్పాడు.

"సిస్టర్, మస్కట్‌ల మా రూముల ఒకడు నడుము నొప్పికి ఇంటికాడికెల్లి గోలీలు తెచ్చుకున్నడు. ఎయిర్‌పోర్ట్‌లనే పట్టి జైల్ల ఏసిండ్రు. గీ మందు గూడ గాడ బంద్. నేను చేత్తోని పట్టుకుంటే వీసా మెడికల్ టెస్టుల నా రక్తంల చూపెడ్తదేమోనని భయమైంది."

మార్ఫిన్‌ను పసుపు ఉడికే కడాయి కింద మంటలో వేసి, తండ్రికి జ్వరం గోలీ వేస్తున్నాడు. లాక్సెటివ్‌తో భయం లేదు కాబట్టి దాన్ని మాత్రం ఒక్క పూటా తప్పించలేదు; విరేచనాలు అందుకే. నాకు ఒళ్ళు మండింది. కానీ చెబుతూనే అతను వెక్కివెక్కి ఏడుస్తుంటే ఇంకేమంటాను?

గోలీని చేత్తో పట్టుకుంటే రక్తంలోకి పోదని, నేను రోజూ పట్టుకుంటున్నానని చెప్పాను. డాక్టర్ చీటీ తండ్రి పేరున ఉంది, ఇక్కడ నీకేం కాదు, నీ బ్యాగులో మాత్రం పెట్టుకుపోకు అన్నాను. మళ్ళీ మళ్ళీ అడిగి నిబ్బరం తెచ్చుకున్నాడు. డాక్టర్‌కు ఫోన్ చేసి, ఒంటికి ఇంకా అలవాటు లేని మందు కాబట్టి, పెంచిన డోసు కాకుండా మొదటి డోసుతోనే తిరిగి మొదలుపెట్టించాను. ఆ గోలీని రాజేందరే తండ్రి నోట్లో వేశాడు.

తర్వాత వెళ్ళినప్పుడు కాక గాఢంగా నిద్రపోతున్నాడు. లేచాక మార్కులడిగితే రెండు అన్నాడు. నిన్నటి నుంచి మోషన్ కాలేదని కూడా చెప్పాడు. రోగికి మలబద్ధకమంటే సంబరపడిన నర్సును నేనొక్కదాన్నే అయ్యుంటాను. చిక్కు విప్పానని నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

రాజేందర్ బయటికి వెళ్ళినప్పుడు, గోలీ మారిందని నీకు తెలియలేదా కాకా అని ఊరికే అడిగాను.

"ఎర్కే బిడ్డా. నువ్వు మొదలు సూపెట్టింది చిన్నది, వాడు ఏసేది పెద్దది. చిన్నది ముట్టకుండ గుడ్డతోని పట్టుడు చూసిన, వీసా భయమని సమజైంది. నా నొప్పి నాతోనే పోతది. వాని జిందగీ ఎందుకు ఖరాబ్ చెయ్యాలె అని ఊకున్న."

నేను విప్పింది సగం చిక్కే.

అప్పటిదాకా మందు చేతికిచ్చేటప్పుడు డోసు, వేళ చెప్పి వచ్చేసేదాన్ని. ఇప్పుడు మందు వేసే మనిషిని ముందు నీకేం భయమని అడుగుతాను. తర్వాత ఆ మనిషిని ఏదో పని మీద బయటికి పంపి, మంచం మీద ఉన్నవాళ్ళను అడుగుతాను, ఈ నొప్పి ఎవరి కోసం ఓర్చుకుంటున్నావని. చాలామంది ముందు, ఆ మనిషి వింటున్నాడేమోనని తలుపు వైపు చూస్తారు.